పెట్టె కట్టకముందే చెప్పండి: తపాలా సంస్థలకూ కస్టమ్స్ శాఖలకూ బహిరంగ లేఖ

వివిధ దేశాల తపాలా సంస్థల నిర్వాహకులకు, కస్టమ్స్ శాఖల అధికారులకు నమస్కారం.

విదేశాలకు వెళ్లే పార్సిళ్లకు కస్టమ్స్ పత్రాలు నింపిపెట్టడం, ఆగిపోయినవి ఎందుకు ఆగాయో ఆరా తీయడం మా పని. ఆగిన పెట్టెల్లో నిషిద్ధ వస్తువు ఉన్నవి మాకు అరుదుగానే కనిపిస్తాయి. లోపలున్నది ఏ అభ్యంతరమూ లేని వస్తువే. పైన రాసిన మాట చాలక అది ఆగిపోతుంది. ఆ మాట చాలదని కౌంటరు దగ్గరే తెలిసే వీలున్నా అక్కడ ఎవరూ చెప్పరు. డబ్బు కట్టించుకుంటారు, రసీదు చేతిలో పెడతారు, పెట్టె సంచిలో పడుతుంది. కొన్ని వారాల తర్వాత అదే పెట్టె మూలలు నలిగి, ఒక చీటీ అంటించుకుని ఇంటికి తిరిగొస్తుంది. కట్టిన డబ్బు మాత్రం తిరిగి రాదు.

మేము మిమ్మల్ని అడిగేవి రెండు. అవతలి దేశం ఏది చూసి పార్సిల్ ఆపుతుందో, దాన్ని డబ్బు తీసుకోకముందే కౌంటర్లో అడగండి. ఆపితే ఎందుకు ఆపారో పంపినవారికి అర్థమయ్యే మాటల్లో చెప్పండి.

చిన్న ప్యాకెట్టు మీద అతికించే సీఎన్ 22, పార్సిల్‌కు జతచేసే సీఎన్ 23 దేశాల తపాలా సేవలకు ఉమ్మడి నియమాలు పెట్టే యూనివర్సల్ పోస్టల్ యూనియన్ ఖరారు చేసిన కస్టమ్స్ పత్రాలు. అందుకే ఏ దేశంలో చూసినా గడులు దాదాపు ఒకేలా ఉంటాయి. కానీ ఆ పత్రాలు చేసే పని మారిపోయింది. ఒకప్పుడు పెట్టె దిగిన చోట అధికారి చీటీ చదివి నిర్ణయం చేసేవారు. సరుకున్న ప్రతి పార్సిల్, ప్యాకెట్టు వివరాలనూ ఎలక్ట్రానిక్ రూపంలో ముందుగానే పంపాలన్న నియమం 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అమెరికా 2018లోనే దీనికోసం ప్రత్యేకంగా చట్టం చేసింది. యూరోపియన్ యూనియన్ విమానంలో వచ్చే తపాలాకు 2021 మార్చి 15 నుంచి ఈ ముందస్తు వివరాలను పరిశీలించే ఐసీఎస్2 అనే వ్యవస్థ పెట్టింది. కౌంటర్లో టైపు చేసిన నాలుగు మాటలు పెట్టెకంటే ముందే గమ్యదేశపు కస్టమ్స్ కంప్యూటరుకు చేరతాయి. అక్కడినుంచి అభ్యంతరం లేదనైనా రావచ్చు, ఇంకా వివరం కావాలనో, మళ్లీ ఎక్స్‌రే తీయమనో, విమానం ఎక్కించవద్దనో అయినా రావచ్చు. పంపినవారికి ఈ సంభాషణ సంగతే తెలియదు. తాము ఒక చీటీ రాశామని మాత్రమే వాళ్లనుకుంటారు. కౌంటర్లో కూర్చున్నవారికీ చాలాచోట్ల అది ఇంకా చీటీయే.

ఒక్క పోలిక చూడండి. పార్సిల్ బార్‌కోడ్ కింద ఉండే సంఖ్యలో పదమూడు గుర్తులుంటాయి: ముందు రెండక్షరాలు, మధ్యలో తొమ్మిది అంకెలు, చివర దేశానికి రెండక్షరాలు. తొమ్మిదో అంకె ఊరికే వేసింది కాదు. మొదటి ఎనిమిది అంకెలనూ వరసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో హెచ్చవేసి కూడి, 11తో భాగించి, మిగిలిన శేషాన్ని 11 లోంచి తీసేస్తే వచ్చేది అది. పది వస్తే సున్నా, పదకొండు వస్తే అయిదు వేస్తారు. టైపు చేసేటప్పుడు ఒక అంకె తారుమారైతే యంత్రం దాదాపు ఎప్పుడూ అక్కడికక్కడే పట్టేస్తుంది. సంఖ్యకు ఇంత కాపలా పెట్టిన మీరు వస్తువు పేరు గడికి ఏ కాపలా పెట్టలేదు. అక్కడ "సామాను" అని కొట్టినా తీసుకుంటుంది, "బహుమతి" అని కొట్టినా తీసుకుంటుంది. పార్సిల్‌ను ఆపేది ఆ గడే.

అందుకే ఆ గడి గురించి వివరంగా చెప్పాలి. బహుమతి, సొంత వస్తువులు, బట్టలు, ఎలక్ట్రానిక్స్, విడిభాగాలు, నమూనా, ఇతరాలు లాంటి మాటలను యంత్రం వివరంగా లెక్కించదు. లోపల ఏముందో అవి చెప్పవు కాబట్టి అధికారికీ అవి పనికిరావు. "చొక్కా అని రాస్తే చాలదా" అని జనం అడుగుతారు. చాలదు. మగ్గం మీద నేసిన బట్టతో కుట్టిన మగవారి చొక్కా, కస్టమ్స్ వాళ్లు వస్తువులను వర్గీకరించే హెచ్‌ఎస్ పట్టికలో 6205 కిందికి వస్తుంది, అల్లిక బట్టతో కుట్టినదైతే 6105 కిందికి వస్తుంది. టీషర్టుకు మళ్లీ వేరే సంఖ్య, 6109. మూడింటికీ సుంకం ఒకటే అయి తీరాలని లేదు. కాబట్టి వస్తువేమిటి, దేనితో చేశారు, నేసిందా అల్లిందా, ఎవరు వాడేది, ఎన్ని ఉన్నాయి అన్నవన్నీ ఆ ఒక్క వరసలో ఉండాలి. "నూలు చొక్కాలు, నేత బట్ట, మగవారివి, కొత్తవి, 3" అని రాస్తే ఎక్కడి అధికారికైనా సందేహం ఉండదు. ఇంత రాయాలని పంపేవారు తమంతట తాము కనిపెట్టలేరు. కౌంటరు తెర మీద ఈ అయిదు ప్రశ్నలూ ఒకదాని తర్వాత ఒకటి రావాలి.

భాషతో వచ్చే చిక్కు ఇంకొకటి. పత్రం ఇంగ్లిషులోనో ఫ్రెంచిలోనో, లేదా గమ్యదేశం ఒప్పుకునే భాషలోనో రాయాలి. పంపేవారు తమ భాషలో ఆలోచించి రాస్తారు. తెలుగులో "బొమ్మ" ఉంది. పిల్లలు ఆడుకునేదీ బొమ్మే, ఇత్తడి విగ్రహమూ బొమ్మే, గోడకు తగిలించే పటమూ బొమ్మే. ఆటబొమ్మ 9503 అవుతుంది. ఇత్తడిదో, మరో సాధారణ లోహానిదో అయిన విగ్రహం 8306 అవుతుంది. చెక్కతో చెక్కిన అలంకరణ విగ్రహం 4420, చేత్తో వేసిన చిత్రం 9701, అచ్చేసిన చిత్రం 4911. ఒక్క మాటకు అయిదు దారులు! పంపేవారి చేతిలో నిఘంటువుంటే అందులో మొదట కనిపించిన అర్థం పట్టుకుని రాసేస్తారు, లోహపు విగ్రహం ఆటబొమ్మగా సరిహద్దుకు చేరుతుంది. ఎక్స్‌రేలో ఏదో బరువైన లోహపు ముద్ద కనిపిస్తుంది, కాగితం మీద ఆటబొమ్మ అని ఉంటుంది, ఇక పెట్టె విప్పక తప్పదు. జనం తరచుగా పంపే వస్తువుల పేర్లు కొన్ని వందలకు మించవు. వాటిని పంపే దేశపు భాషల్లో ఒక పక్క, ఇంగ్లిషులో ఇంకో పక్క, ఆరంకెల హెచ్‌ఎస్ సంఖ్యతో సహా అచ్చేసి ప్రతి కౌంటర్లో తగిలించండి. ఒక్కసారి చేస్తే చాలు, ఏళ్ల తరబడి పనికొస్తుంది.

ఇప్పుడు హెచ్‌ఎస్ సంఖ్యల సంగతి. ప్రపంచ కస్టమ్స్ సంస్థ 1988 నుంచి నడుపుతున్న పద్ధతి ఇది. మొదటి రెండంకెలు అధ్యాయం, నాలుగంకెలైతే శీర్షిక, ఆరంకెలైతే ఉపశీర్షిక. ఆరంకెల దాకా ప్రపంచమంతా ఒకటే, ఆపైన అంకెలు ఒక్కో దేశం తనకు తగ్గట్టు చేర్చుకుంటుంది. పంపే దేశపు ఎనిమిదంకెల లేదా పదంకెల సంఖ్యను అలాగే ఎక్కించేస్తే గమ్యదేశపు కంప్యూటరుకు అందులో చివరి అంకెలు వేరే వస్తువుగా కనిపించవచ్చు, అసలు లేని సంఖ్యగానూ కనిపించవచ్చు. ఆరుతోనే ఆపాలని గడి పక్కన రాసిపెట్టండి. ఇంకొకటి, ఈ పట్టిక కొన్నేళ్లకోసారి మారుతుంది. ఇప్పుడు వాడుకలో ఉన్నది 2022 సంచిక, తర్వాతది 2028 జనవరి 1 నుంచి వస్తుంది. కౌంటరు కంప్యూటర్లలో పాత పట్టిక మిగిలిపోతే ఆ తప్పు పంపేవారిది కాదు. అయినా సంతకం పెట్టినవారు వాళ్లే కాబట్టి భారం వాళ్ల మీదే పడుతుంది.

ఆ సంతకాన్నీ కొంచెం పట్టించుకోండి. సీఎన్ 22 కిందా సీఎన్ 23 కిందా ఒక ధ్రువీకరణ ఉంటుంది: ఇందులో ఇచ్చిన వివరాలు నిజమే, చట్టమో తపాలా నిబంధనలో కస్టమ్స్ నిబంధనలో నిషేధించిన వస్తువేదీ, ప్రమాదకరమైన వస్తువేదీ ఇందులో లేదు అని. కస్టమ్స్ ప్రకటనల విషయంలో తపాలా సంస్థలకు ఏ బాధ్యతా లేదని యూనివర్సల్ పోస్టల్ యూనియన్ ఒడంబడిక స్పష్టంగా చెబుతోంది. బాధ్యత మొత్తం పంపేవారి నెత్తిన పెట్టడానికి మేము అడ్డు చెప్పడం లేదు. కానీ ఏవి నిషిద్ధమో చూపించకుండా నిషిద్ధం లేదని సంతకం చేయించుకోవడం న్యాయం కాదు. సభ్యదేశాల నిషిద్ధ వస్తువుల జాబితాలు యూనియన్ దగ్గర ఉన్నాయి. గమ్యదేశం పేరు కొట్టగానే ఆ దేశపు జాబితాలోని ముఖ్యమైనవి తెర మీద రావాలి, సంతకం చేసేవారు వాటిని చదివే వీలుండాలి. అలా రానంతకాలం పంపేవారు గుడ్డిగా సంతకం పెడుతున్నట్టే.

నిషిద్ధాల్లో ఎక్కువ గొడవ పెట్టేవి బ్యాటరీలు, పరిమళాలు. లిథియం బ్యాటరీ ఏ పరికరంలోదో ఆ పరికరంలోనే బిగించి ఉండాలి, విడిగా పెట్టకూడదు. పరికరం పక్కనే అదే పెట్టెలో పెట్టినా సరే, తపాలాలో చెల్లదు. బిగించి ఉన్నవైనా ఒక పార్సిల్లో నాలుగు సెల్లులకో రెండు బ్యాటరీలకో మించకూడదు. లిథియం అయాన్ సెల్లు 20 వాట్ అవర్లు, బ్యాటరీ 100 వాట్ అవర్లు దాటకూడదు. లిథియం లోహపు సెల్లులో ఒక గ్రాము, బ్యాటరీలో రెండు గ్రాములు మించి లిథియం ఉండకూడదు. ఫోనుకు ఛార్జింగ్ పెట్టే పవర్ బ్యాంకు స్వయంగా బ్యాటరీ కాబట్టి అది "పరికరంలో ఉన్న బ్యాటరీ" కిందికి రాదు. దాన్ని ఎలా చుట్టినా ఎక్స్‌రేలో కనబడుతుంది, బయటకు తీస్తారు, చాలాసార్లు పెట్టె మొత్తం ఆగుతుంది. ఇక ఈ లెక్కలు కూడా అన్నిదేశాల తపాలా సంస్థలకూ వర్తించవు, కొన్ని బిగించిన బ్యాటరీలను సైతం తీసుకోవు. సెంటు, గోళ్లరంగు మండే స్వభావమున్న ద్రవాలు. డబ్బాలోంచి పిచికారీ చేసేవి ఒత్తిడితో నింపినవి. ఇవి చాలామంది ఇంటి అలమరలో ఉండేవే కాబట్టి ప్రమాదం అనే ఆలోచనే రాదు. "ప్రమాదకరమైన వస్తువులున్నాయా" అని కౌంటర్లో అడిగితే లేవనే అంటారు, అబద్ధమాడాలని కాదు. "బ్యాటరీ ఉన్నదేమైనా ఉందా? బ్యాటరీ లోపల ఉందా, విడిగా ఉందా? సెంటు, స్ప్రే, గోళ్లరంగు ఉన్నాయా?" అని అడిగితే అసలు జవాబొస్తుంది.

విలువ గడి దగ్గరా చిక్కే. సీఎన్ 22 చాలా, సీఎన్ 23 కావాలా అన్నది 300 ఎస్‌డీఆర్ హద్దు మీద ఆధారపడుతుంది. ఎస్‌డీఆర్ అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క, అయిదు కరెన్సీల విలువల మీద ఆధారపడి రోజురోజుకూ మారుతుంది. పెట్టె పట్టుకుని వరసలో నిలబడినవారికి ఆ మాటతో ఏం పని? ఈ రోజు మీ దేశపు డబ్బులో ఆ హద్దు ఎంతో కౌంటరు దగ్గర రాసిపెట్టండి. చిన్న ప్యాకెట్టు బరువు హద్దు 2 కిలోలన్నదీ దాని పక్కనే ఉంటే సగం ప్రశ్నలు తగ్గిపోతాయి.

విలువ సున్నా అని రాసే అలవాటు కూడా కౌంటర్లో ఆగాలి. డబ్బు పెట్టి కొనలేదు కాబట్టి విలువ లేదని పంపేవారు నిజాయితీగానే అనుకుంటారు. కస్టమ్స్‌కు కావలసింది అలాంటి వస్తువు ఇప్పుడు కొంటే ఎంతవుతుందన్నది. వాడినదైతే వాడిన వస్తువుకు పలికే ధర, దాంతోపాటు "వాడినది" అన్న మాట ఉండాలి. ఒకే పెట్టెకు కస్టమ్స్ గడిలో పది, బీమా గడిలో రెండువందలు వేసినవి కూడా మేము చూస్తుంటాం. రెండు అంకెలూ ఒకే పత్రం మీద పక్కపక్కనే ఉంటాయి, ఒకటి చూసి ఇంకొకటి అబద్ధమని ఎవరికైనా తెలిసిపోతుంది. రెండూ పొసగకపోతే ముందుకు పోనివ్వకుండా యంత్రమే అడ్డుకోవచ్చు. తపాలా ఖర్చు గడిని ఖాళీగా వదిలేయడం ఇంకో పొరపాటు. యూరోపియన్ యూనియన్ లాంటి చోట్ల సరుకు ధరకు రవాణా ఖర్చు కూడా కలిపి పన్ను లెక్కిస్తారు. అది రాయకపోతే అధికారి తానే ఏదో ఒకటి అంచనా కట్టాలి.

బహుమతి అనే గడి మీద అపోహలు చాలా ఉన్నాయి. దానికి టిక్కు పెడితే సుంకం ఉండదన్నది నిజం కాదు. ఒక వ్యక్తి ఇంకో వ్యక్తికి, ప్రతిఫలం తీసుకోకుండా పంపేదే బహుమతి. అమ్మిన సరుకుకు టిక్కు పెడితే అది తప్పుడు ప్రకటన. నిజమైన బహుమతికీ హద్దులున్నాయి, యూరోపియన్ యూనియన్‌లో 45 యూరోలు, బ్రిటన్‌లో 39 పౌండ్లు, కెనడాలో 60 కెనడా డాలర్లు, అమెరికాలో 100 డాలర్లు. ఒకే ఇంట్లో నలుగురికి నాలుగు బహుమతులు ఒక పెట్టెలో పంపితే అమెరికా వాటిని విడివిడిగా చూస్తుంది, కానీ ఒక్కొక్కటి వేరుగా చుట్టి, ఎవరిదో పేరు రాసి ఉంటేనే. ఈ ఒక్క వాక్యం కౌంటర్లో చెప్పకపోతే నాలుగూ కలిపి హద్దు దాటుతాయి, తీసుకునేవారు సుంకం కట్టుకుంటారు.

నియమాలు మారేటప్పుడు మీరు తెలియజేసే తీరు మాకు ఎక్కువ బాధ కలిగిస్తోంది. 22 యూరోలలోపు దిగుమతులకు యూరప్‌లో ఉన్న వ్యాట్ మినహాయింపు 2021 జులై 1న పోయింది. ఆ మార్పు ముందే ప్రకటించారు, 150 యూరోల లోపు అమ్మకాలకు ఐఓఎస్‌ఎస్ అనే ఏర్పాటుతో పన్ను ముందే కట్టే దారి కూడా పెట్టారు. అయినా ఆ ఏర్పాటు కింద ఇచ్చే నమోదు సంఖ్య ఎలక్ట్రానిక్ వివరాల్లో ఎక్కకపోవడంతో కొన్న చోటా, ఇంటి గుమ్మంలోనూ రెండుసార్లు పన్ను కట్టినవారున్నారు. అమెరికాలో 800 డాలర్లలోపు సరుకుకున్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29న ఆగిపోయింది. ఆ ఉత్తర్వు వచ్చింది జులై 30న. సుంకం ఎవరు వసూలు చేయాలి, ఏ దారిలో జమ చేయాలి అన్నది తేలకుండానే గడువు వచ్చేసింది, ఎన్నో దేశాల తపాలా సంస్థలు అమెరికాకు పార్సిళ్లు తీసుకోవడమే నిలిపేశాయి. ఆ వారంలో దారిలో ఉన్న పెట్టెల గతి ఏమిటో పంపినవారికి చెప్పగలిగినవారే లేకపోయారు. పన్ను విధించే హక్కు ప్రతి దేశానికీ ఉంది, దాని మీద మాకు వాదన లేదు. అమలు తేదీకి ముందు పోస్టు చేసినవాటికి పాత నియమమా కొత్తదా అన్నది ఉత్తర్వులోనే రాయండి. వసూలు పద్ధతి తేలాకే తేదీ ప్రకటించండి. సేవ నిలిపిన రోజున, అప్పటికే తీసుకున్న పెట్టెలను డబ్బుతో సహా తిప్పి ఇవ్వండి.

సుంకం ముందే కట్టిందా, అవతల తీసుకునేవారు కట్టాలా అన్నది కూడా రసీదు మీద పెద్దక్షరాలతో ఉండాలి. తీసుకునేవారే కట్టాలంటే, సుంకంతోపాటు కస్టమ్స్‌కు చూపించినందుకు తపాలా సంస్థ వేసే రుసుము కూడా ఉండొచ్చు. చిన్న వస్తువుకు ఆ రుసుమే సుంకాన్ని మించిపోతుంది, అందుకే తీసుకోకుండా వదిలేసేవారున్నారు.

బరువులో చేసే తప్పు చిన్నదే, కానీ రోజూ జరుగుతుంది. ఒక్కో వస్తువు పక్కన రాయాల్సింది ఆ వస్తువు నికర బరువు. కింద రాయాల్సింది పెట్టె, దూది, టేపుతో కలిపి మొత్తం. మొత్తం 1,400 గ్రాములుండి, వస్తువుల బరువులు కూడితే 1,650 వస్తే ఎవరైనా అనుమానిస్తారు. కూడిక చేసే పని మనిషికి ఎందుకు వదిలారు? తయారైన దేశం అనే గడిలో రాయాల్సింది వస్తువు తయారైన చోటు, పోస్టు చేసిన చోటు కాదు. ఇప్పుడు చాలా సుంకాలు ఆ దేశాన్ని బట్టే మారుతున్నాయి కాబట్టి ఈ గడిని "పంపే దేశం" అనుకుని నింపితే డబ్బు తేడా వస్తుంది. వస్తువు మీదున్న చీటీ చూసి నింపమని ఒక మాట అక్కడ రాసిపెట్టండి.

తీసుకునేవారి ఫోన్ నంబరు, ఈమెయిల్ గడులను ఐచ్ఛికంగా వదిలేయకండి. సుంకం కట్టమని, రసీదు చూపమని కబురు చేయడానికి కస్టమ్స్‌కు ఉన్న దగ్గరి దారి అదే. అవి లేకపోతే ఉత్తరం వేస్తారు. ఉత్తరం చేరేసరికి పెట్టెను ఉంచే గడువు దగ్గరపడుతుంది. సీఎన్ 23 మీద దిగుమతిదారు సూచిక అని ఒక గడి ఉంది. దాన్ని నింపమని అడిగే కౌంటరు అరుదు. బ్రెజిల్‌కు పంపే పార్సిల్ మీద తీసుకునేవారి పన్ను నమోదు సంఖ్య కావాలి. దక్షిణ కొరియాలో దిగుమతి చేసుకునే వ్యక్తికి కస్టమ్స్ ఇచ్చే సొంత సంకేతం ఉంటుంది. అలాంటి దేశం పేరు తెర మీద రాగానే ఆ గడి ఎర్రబడాలి.

మందులు, విత్తనాలు, మొక్కల భాగాలు, మాంసం, పాల పదార్థాలు, జంతువుల చర్మంతో, దంతంతో చేసినవి అయితే ధ్రువపత్రం సంఖ్య లేనిదే కదలవు. వాటికి సీఎన్ 23లో వేరే గడులున్నాయి, అవి ఎందుకున్నాయో కౌంటర్లో ఉన్నవారికి నేర్పించండి. చెక్కపెట్టెలో పెట్టి పంపేవారికి ఇంకో సంగతి చెప్పాలి. 6 మిల్లీమీటర్ల కన్నా మందమైన ముడిచెక్క ప్యాకింగుకు వేడితోనో మందుతోనో శుద్ధి చేసినట్టు ముద్ర ఉండాలి. ఆ ముద్ర లేని పెట్టెలో పంపితే, లోపలి వస్తువు ఏదైనా, చెక్క కోసమే ఆపుతారు.

పత్రాలు పెట్టె మీద ఎక్కడ, ఎలా అంటించాలో కూడా చెప్పేవారు లేరు. బిల్లును పెట్టె లోపల పెట్టి సీలు వేస్తే, దాన్ని చూడాలంటే పెట్టె కోయాలి. ఒక ప్రతి పారదర్శకమైన సంచిలో పెట్టె పైముఖం మీద ఉండాలి. బార్‌కోడు పెట్టె అంచు మీదుగా మడత పడితే యంత్రం చదవలేదు. దాని మీద మెరిసే టేపు వేసినా చదవడం కష్టమే. పాత పెట్టె వాడితే దాని మీదున్న పాత బార్‌కోడ్లన్నీ పీకేయాలి, లేకపోతే వేరే ఊరి యంత్రం పాత సంఖ్య చదివి పెట్టెను పాత దారిలో పంపిస్తుంది. చిరునామా రోమన్ లిపిలో, దేశం పేరు చివరి వరసలో పెద్దక్షరాలతో ఉండాలి. పారదర్శక సంచులు కౌంటర్లో ఉచితంగా ఇవ్వండి, వాటి ఖర్చు తిరుగుటపా ఖర్చు ముందు ఏమీ కాదు.

పార్సిల్ పత్రంలో ఇంకో భాగం ఉంది: చేరవేయలేకపోతే ఏం చేయాలన్నది. వెంటనే వెనక్కి పంపాలా, ఇన్ని రోజులు ఉంచి పంపాలా, వేరే చిరునామాకు మళ్లించాలా, వదిలేసినట్టు లెక్కగట్టాలా? ఇది పంపినవారి హక్కు. చాలాసార్లు కౌంటర్లోనివారే ఏదో ఒకదానికి టిక్కు కొట్టేస్తారు. వదిలేసినట్టు లెక్కగడితే వస్తువు పోతుంది. వెనక్కి పంపమంటే తిరుగు ఖర్చు పంపినవారి మీద పడొచ్చు. నోటితో అడిగి, చెప్పినదాన్ని రసీదు మీద అచ్చువేయండి.

ఇక ఆపిన తర్వాతి సంగతి. తపాలా సంస్థలు ఒకరికొకరు పంపుకునే సందేశాల్లో కస్టమ్స్ ఆపిందన్న సమాచారానికి కారణం తెలిపే సంకేతం కూడా ఉంటుంది. బిల్లు లేదు, వివరం చాలదు, నిషిద్ధం, సుంకం రావాలి లాంటి తేడాలు దాంతో తెలుస్తాయి. పంపినవారు ఆన్‌లైన్‌లో చూస్తే మాత్రం "కస్టమ్స్ వద్ద ఉంది" అన్న ఒక్క వాక్యమే కనిపిస్తుంది. మీ దగ్గర కారణం ఉన్నప్పుడు దాన్ని దాచడం వల్ల ఎవరికీ లాభం లేదు. బిల్లు లేదని తెలిస్తే పంపినవారు గంటలో బిల్లు పంపగలరు. కారణాన్ని, ఎవరిని అడగాలో, ఎన్ని రోజులు ఉంచుతారో ఆ వాక్యం కిందే చూపండి. వెనక్కి వచ్చే పెట్టె మీద అంటించే సీఎన్ 15 చీటీలో కారణాల గడులున్నాయి. అందులో టిక్కు స్పష్టంగా పడాలి, పక్కన ఒక్క మాట రాయాలి. స్వాధీనం చేసుకుంటే దాన్ని తెలపడానికి సీఎన్ 13 అనే పత్రం ఉంది, అది పంపిన దేశానికి చేరాక అక్కడి తపాలా సంస్థ పంపినవారికి ఇవ్వాలి, తన దస్త్రంలో దాచుకోకూడదు.

జాడ తెలియని పార్సిల్ గురించి సీఎన్ 08 మీద విచారణ కోరడానికి, పోస్టు చేసిన మర్నాటి నుంచి ఆరు నెలల గడువుంది. పెట్టె ఎక్కడో ఆగిపోయి వస్తుందేమోనని ఎదురుచూస్తూ చాలామంది ఆ గడువు దాటించుకుంటారు. రసీదు మీద ఆ ఆఖరు తేదీని అచ్చువేస్తే పోయేదేమీ లేదు. మరమ్మతుకు వెళ్లి తిరిగొచ్చే వస్తువుల సంగతీ చెప్పాలి. వెళ్లేటప్పుడే సీఎన్ 23 మీద "మరమ్మతుకు, తిరిగి వస్తుంది" అని, వస్తువు మీదున్న వరస సంఖ్యతో సహా రాయకపోతే, తిరిగొచ్చేటప్పుడు అది కొత్త దిగుమతిలా కనిపించి రెండోసారి సుంకం పడుతుంది. కౌంటర్లో ఈ ప్రశ్న వేసినవారిని మేము ఇంతవరకు చూడలేదు.

అన్నీ ఒకేసారి చేయలేమంటే, మొదట పేరు గడితో మొదలుపెట్టండి. బహుమతి, సామాను, బట్టలు, ఎలక్ట్రానిక్స్, విడిభాగాలు, నమూనా, ఇతరాలు, సొంత వస్తువులు: ఈ మాటలు ఒంటరిగా వస్తే కౌంటరు కంప్యూటరు ముందుకు పోకూడదు, "దేనితో చేసింది, ఎన్ని, దేనికి వాడేది" అని అడగాలి. ఇందుకు కొత్త ఒప్పందమూ కొత్త చట్టమూ అక్కర్లేదు. మీ కంప్యూటర్ల విభాగానికి ఈ జాబితా ఇవ్వండి, ఎప్పటినుంచి అమలు చేస్తారో కౌంటర్ల దగ్గర రాసిపెట్టండి.

ఇట్లు,
విదేశీ పార్సిళ్లకు కస్టమ్స్ పత్రాలు నింపిపెట్టేవాళ్లం